క్వీన్ విక్టోరియా మార్కెట్ దగ్గర పార్కింగ్ తగ్గించడం, ట్రాముల ఆలస్యం: కౌన్సిల్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: కోబర్గ్ వాసి

నమస్కారం. మెల్బోర్న్‌లో రవాణా రంగంలో పనిచేస్తున్న తెలుగువారూ, మార్కెట్లో కొట్లు నడుపుతున్నవారూ ఇక్కడ తరచుగా రాస్తూ ఉంటారు కాబట్టి, మా నివాసుల సంఘంలో తెగని ఒక వివాదాన్ని మీ ముందు పెడుతున్నాను. క్వీన్ విక్టోరియా మార్కెట్ పునరుద్ధరణ గురించి నగర కౌన్సిల్‌కు మా సంఘం తరఫున ఒక లేఖ పంపాలని అందరూ ఒప్పుకున్నారు. ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. తీరా రాయబోతే మొదటి పేరా దగ్గరే పేచీ మొదలైంది.

తెలియనివారి కోసం నేపథ్యం కొంత చెప్తాను. 1878లో తెరిచిన ఈ మార్కెట్ స్థలంలో ఒక పెద్ద భాగం అంతకుముందు నగరపు పాత శ్మశానం. 1920 ప్రాంతంలో కొన్ని వందల సమాధులను అక్కడి నుంచి తరలించారు గానీ, వేల మంది అవశేషాలు ఇప్పటికీ ఆ నేల కిందే ఉన్నాయి. ఆ నేల మీదే, షెడ్ల పక్కన, 720 కార్లు పట్టే బహిరంగ పార్కింగ్ స్థలం దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని ఖాళీ చేసి జనం కూర్చోవడానికి, తిరగడానికి వీలైన మైదానంగా మార్చాలనీ, కార్లకు వేరే చోట ఏర్పాటు చేయాలనీ కౌన్సిల్ తలపెట్టింది. 2014లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కూడా కుదిరింది. పాత షెడ్లను విప్పి, వాటి కింద నేలమాళిగలో పార్కింగ్ కట్టి, షెడ్లను మళ్ళీ నిలబెడతామన్న తొలి ప్రతిపాదనకు 2018 మార్చిలో రాష్ట్ర వారసత్వ కట్టడాల సంస్థ హెరిటేజ్ విక్టోరియా అనుమతి నిరాకరించింది. అదే ఏడాది జులైలో మార్కెట్ జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇక మిగిలిన దారి, ఎదురుగా ఉన్న మన్రో స్థలంలో కట్టిన 500 కార్ల పార్కింగ్.

మా సంఘంలో ఒక వర్గం వాదన ఏమిటంటే, 720 ఉన్న చోట 500 మాత్రమే ఇస్తే కొనుగోలుదారులు చాడ్‌స్టన్ మాల్ దారి పడతారు. అక్కడ తొమ్మిది వేలకు పైగా కార్లకు ఉచితంగా చోటుంది. రెండో వర్గమంతా మా కోబర్గ్ శివారు నుంచి సిడ్నీ రోడ్డు మీదుగా నగర కేంద్రానికి వెళ్ళే 19వ నంబరు ట్రాములో రోజూ ప్రయాణించేవారు. సిడ్నీ రోడ్డు దాటేసరికే సగం ఓపిక అయిపోతుందనీ, మార్కెట్ దగ్గర మళ్ళీ కార్ల కోసం ఆగడం దేనికనీ, ఆ 500 కూడా ఎక్కువేననీ వారు అంటున్నారు. ట్రాముల ఆలస్యానికీ పార్కింగ్ జాగాల సంఖ్యకూ నిజంగా సంబంధం ఉందా? ఉంటే కౌన్సిల్‌ను ఏమని అడగాలి? లేకపోతే మరి దేనితో సంబంధం ఉంది? ఊహాగానాలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి కనుక, తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: షెడ్డు కింద కొట్టు

కోబర్గ్ వాసి గారూ, నేను ఈ మార్కెట్లో కూరగాయల షెడ్లలో చాలా కాలంగా పనిచేస్తున్నాను. ట్రాములను ప్రేమించేవారు వ్యాపారుల మాటను మూర్ఖత్వంగా కొట్టిపారేయడం తరచుగా చూస్తుంటాను కాబట్టి, మా వైపు నుంచి కొంత చెప్పనివ్వండి.

మా దగ్గర కొనేవారు ఒక చొక్కా సంచీలో వేసుకుని వెళ్ళే రకం కాదు. శనివారం మధ్యాహ్నం మూసే వేళకు ధర పడిపోతుందని తెలిసినవారు ఆ సమయానికే వస్తారు. మిగిలిన టమాటాలను పెట్టెలకు పెట్టెలే కేకలు పెట్టి అమ్ముతాం. నిల్వ పచ్చడి పెట్టుకునే మన తెలుగు కుటుంబాలు ఒక పెట్టె టమాటాలు, చింతపండు, పచ్చిమిరపకాయలు, చేపల హాల్లో కొన్న మంచుముక్కల మధ్య చేప, వీటన్నిటితో బయటికి వస్తాయి. పెట్టె అడుగున రెండు టమాటాలు నలిగి అట్ట తడిసిపోయి ఉంటుంది. దాన్ని రెండు చేతులతో అడుగున పట్టుకుని, మూడు మెట్లున్న పాత ట్రాములోకి ఎక్కి, నిలబడటానికి కమ్మీ పట్టుకోవాలంటే మూడో చెయ్యి కావాలి. అలాంటి కుటుంబం ఒకసారి ఇబ్బంది పడితే రెండోసారి తమ శివారులోనే కొనుక్కుంటుంది.

వ్యాపారుల వ్యాన్ల గురించి ఎవరూ మాట్లాడరు. తెల్లవారకముందే సరుకు దించాలి, సాయంత్రం ఖాళీ డబ్బాలు ఎత్తాలి. కొనుగోలుదారుల కార్ల లెక్కలో మా బండ్ల లెక్క కలిసిపోతే మా అవసరం కనిపించకుండా పోతుంది. పార్కింగ్ తీసేసిన చోట మైదానం ఎంత అందంగా వచ్చినా, అందులో కూర్చున్నవారు కాఫీ తాగుతారు తప్ప పది కిలోల ఉల్లిపాయలు కొనరు. మార్కెట్ మార్కెట్‌గా మిగలాలంటే బరువు మోసుకెళ్ళేవారికి దారి ఉండాలని మీ లేఖలో రాయండి.

జవాబు: పట్టాల పక్కన

నేను ట్రాఫిక్ సిగ్నళ్ళ రూపకల్పనలో పనిచేశాను. కొట్టు గారు చెప్పినదాంట్లో బరువు గురించిన మాటతో నాకు పేచీ లేదు. అయితే ప్రశ్న ట్రాముల ఆలస్యం గురించి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మెల్బోర్న్ ట్రాము మార్గాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు కార్లతో పంచుకునే రోడ్ల మీదే ఉన్నాయి. అందుకే ట్రాము సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నగర కేంద్రంలో ఇంకా తక్కువ. ఈ పరిస్థితిలో ట్రామును ఆపేది కార్ల మొత్తం సంఖ్య కంటే ముందు, పట్టాల మీద నిలబడిన ఒకే ఒక్క కారు. కుడివైపు పార్కింగ్ గేటులోకి తిరగాలని ఒక డ్రైవరు పట్టాల మీద ఆగి, ఎదురుగా వచ్చే వాహనాల్లో సందు కోసం చూస్తుంటే, వెనుక ట్రాములో వంద మందికి పైగా నిలిచిపోతారు. నష్టం ఆ అర నిమిషంతో పోదు. ఆలస్యమైన ట్రాము కోసం తరువాతి స్టాపులో మరింత మంది పోగవుతారు, వారు ఎక్కడానికి ఇంకొంత సమయం పడుతుంది, ఈలోగా వెనుక ట్రాము దాన్ని అందుకుంటుంది. స్టాపులో పావుగంట సేపు ఏ ట్రామూ రాక, ఆ తర్వాత రెండు ఒకేసారి రావడం మీ సంఘంలో అందరికీ అనుభవమే అయ్యుంటుంది.

ఈ నగరం పేరు చెప్పగానే గుర్తొచ్చే ‘హుక్ టర్న్’ ఉపయోగం కూడా ఇదే. కుడివైపు తిరగాల్సిన కారు రోడ్డు మధ్యకు కాకుండా ఎడమ అంచుకు వెళ్ళి, జంక్షన్‌లో ముందుకు జరిగి, తాను వెళ్ళాల్సిన వీధికి పచ్చదీపం వెలిగేదాకా అక్కడే ఆగుతుంది. కొత్తగా వచ్చినవారికి గుండె దడ పుట్టించే విన్యాసమే అయినా, దానివల్ల పట్టాలు ఖాళీగా ఉంటాయి. కానీ హుక్ టర్న్ సిగ్నళ్ళున్న జంక్షన్‌లోనే పనిచేస్తుంది. వీధి మధ్యలో ఉన్న పార్కింగ్ గేటుకు అది వర్తించదు. అక్కడే అసలు గొడవ.

అందుచేత నా దృష్టిలో మొదట అడగవలసింది ‘ఎన్ని జాగాలు’ అని కాదు, ‘గేటు ఏ వీధిలో’ అని. 1837లో గీసిన ఈ నగర కేంద్రపు చదరాల పటంలో సుమారు 30 మీటర్ల వెడల్పున్న పెద్ద వీధుల మధ్య, తూర్పు పడమరలుగా, 10 మీటర్ల చిన్న వీధులు కూడా వేశారు. ట్రాములు కొన్ని పెద్ద వీధుల్లో నడుస్తాయి. లిటిల్ కాలిన్స్, లిటిల్ బర్క్ వంటి వీధుల్లో పట్టాలు లేవు. పార్కింగ్ భవనం గేటు చిన్న వీధిలో ఉంటే, శనివారం కార్ల వరుస పెరిగినా అది చిన్న వీధిలోనే పెరుగుతుంది. అదే గేటు ఎలిజబెత్ వీధిలో ఉంటే పది కార్ల వరుసే 19, 57, 59 మూడు రూట్ల ట్రాములనూ ఆపేస్తుంది. కాబట్టి చోటు సరిగా ఎంచుకున్న వెయ్యి జాగాల కంటే చోటు తప్పిన వంద జాగాలు ట్రాముకు ఎక్కువ హాని చేయగలవు. ఈ ముక్క ఎవరి ప్రణాళికా పత్రంలో వెతికినా చివరి అనుబంధంలో తప్ప కనిపించదు.

ఇప్పుడు మార్కెట్ సంగతి. దానికి మూడు వైపులా ట్రాములున్నాయి: తూర్పున ఎలిజబెత్ వీధిలో, ఉత్తరాన విక్టోరియా వీధిలో 57, పడమర పీల్ వీధిలో 58. ట్రాములు లేనిది దక్షిణం వైపు. మన్రో స్థలం చుట్టూ ఉన్న క్వీన్, థెర్రీ, ఫ్రాంక్లిన్ వీధుల్లో పట్టాలు లేవు. ఆ లెక్కన, షెడ్ల పక్కనున్న బహిరంగ పార్కింగ్ నుంచి అక్కడికి మారడం వల్ల ట్రాముకు కొత్తగా చెడేదేమీ లేదు. అయితే తూర్పు నుంచి వచ్చే కారు ఎలిజబెత్ వీధి పట్టాలు దాటాల్సిందే, ఉత్తరం నుంచి వచ్చేది మార్కెట్‌కు ఉత్తరాన ఉన్న హేమార్కెట్ రౌండెబౌట్‌లో ట్రాములతో కలిసి తిరగాల్సిందే. కాబట్టి ఆ జంక్షన్లలో ట్రాముకు సిగ్నల్ ప్రాధాన్యం ఇవ్వాలనీ, పార్కింగ్ నిండిందా లేదా అన్నది డ్రైవరు ఆ పట్టాలు దాటకముందే తెలిసేలా బోర్డులు పెట్టాలనీ అడగండి. నిండిపోయిన పార్కింగ్ చుట్టూ ప్రదక్షిణలు చేసే కార్లే అన్నిటికంటే ఎక్కువ చేటు.

సంఖ్య గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వ్యాపారులు సంఖ్య మీద పోరాడుతూ తమకు రావలసినది పోగొట్టుకుంటున్నారని నాకు అనిపిస్తుంది. నగర కేంద్రంలోని ప్రైవేటు పార్కింగ్ భవనాల్లో ఉదయం తొమ్మిదిన్నరలోపు వచ్చి రోజంతా నిలిపేవారికి ‘ఎర్లీ బర్డ్’ పేరుతో తక్కువ ధర ఉంటుంది. గంట సేపు సరుకులు కొనుక్కుని వెళ్ళిపోయేవారికి గంటల లెక్కన బాదుతారు. అంటే ఆఫీసు ఉద్యోగి కారు ఒక జాగాను ఎనిమిది గంటలు ఆక్రమిస్తుంది; అదే జాగాలో ఆ రోజు ఆరేడుగురు కొనుగోలుదారులు వచ్చి వెళ్ళగలిగేవారు. రాష్ట్ర ప్రభుత్వం 2006లో పార్కింగ్ లెవీ అనే పన్ను మొదలుపెట్టినప్పుడు, ఏడాదికి ఒక్కో జాగాకు 400 డాలర్ల చొప్పున, రోజంతా నిలిపే జాగాల మీదే వేసింది. మరుసటి ఏడాదికి అది 800 అయింది. ఉద్యోగులను కార్లు దింపి ట్రాములు, రైళ్ళు ఎక్కించడమే ఉద్దేశం. 2014 నుంచి లెవీ 1,300 డాలర్లయింది; దాన్ని కొద్దిసేపు నిలిపే జాగాలకు కూడా విస్తరించారు. నా ఉద్దేశంలో ఆ విస్తరణ తప్పు. కొనుగోలుదారుడినీ ఉద్యోగినీ ఒకే గాటన కట్టిన తర్వాత ఆ పన్ను రద్దీకి వైద్యం కాదు, ఖజానాకు ఆదాయం మాత్రమే.

ఇక కొనుగోలుదారులు ఎలా వస్తారన్న విషయంలో వ్యాపారుల అంచనాలు తప్పడం ఇక్కడి సమస్య మాత్రమే కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 2006లో జరిగిన ఒక సర్వేలో, తమ కొనుగోలుదారుల్లో 41 శాతం కార్లలో వస్తారని దుకాణదారులు చెప్పగా, అసలు సంఖ్య 22 శాతమని తేలింది. కొట్టు గారి టమాటా పెట్టె ఈ లెక్కకు మినహాయింపు కావచ్చు. మెల్బోర్న్‌లోనే చూడండి: మైర్, డేవిడ్ జోన్స్ వంటి పెద్ద దుకాణాలున్న బర్క్ స్ట్రీట్ మాల్ అనే పాదచారుల వీధిలోకి 1978 నుంచి కార్లు రావు, 86, 96 ట్రాములు మాత్రమే వస్తాయి. నగరంలో అద్దెలు అత్యధికంగా ఉన్న చోట్లలో అది ఒకటి.

ప్రశ్నించినవారి అనుబంధ ప్రశ్న: కోబర్గ్ వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. గేటు ఏ వీధిలో ఉండాలన్న విషయం మా సంఘంలో ఎవరికీ తట్టలేదు. ఇంకొక్క సందేహం. మార్కెట్ ఉచిత ట్రాము పరిధిలోనే ఉంది కదా. ఆ పరిధిని ఉత్తరాన మరికొన్ని స్టాపులు పొడిగిస్తే కార్లు తగ్గి, పార్కింగ్ అవసరమే తగ్గుతుందని మాలో కొందరి ఆలోచన. దాన్ని కూడా లేఖలో చేర్చమంటున్నారు. చేర్చవచ్చా?

జవాబు: పట్టాల పక్కన

చేర్చవద్దని నా సలహా. 2015 జనవరి 1న మొదలైన ఆ ఉచిత పరిధి వల్ల ఎవరికి లాభమో ఆలోచించండి. మీరు కోబర్గ్‌లో ఎక్కి మార్కెట్ దగ్గర దిగితే పూర్తి టికెట్ ధర కట్టాల్సిందే, ఉచిత పరిధి మీకు పైసా తగ్గించదు. పరిధి లోపల ఎక్కి లోపలే దిగేవారికే అది ఉచితం. వారిలో పర్యాటకులుంటారు, అంతకుముందు రెండు వీధులు నడిచి వెళ్ళేవారుంటారు, కారు నగర కేంద్రంలోకే తెచ్చి ఒక చోట నిలిపి అక్కడి నుంచి ట్రాములో తిరిగేవారు కూడా ఉంటారు. ఈ చివరివారికి ఉచిత ట్రాము అంటే పార్కింగ్ టికెట్‌తో పాటు వచ్చే బహుమతి. పరిధిని పొడిగిస్తే, కారును ఇంకాస్త బయట నిలిపి చివరి మైలు ఉచితంగా ఎక్కేవారితో, మీ స్టాపుకు రాకముందే ట్రాము నిండిపోతుంది. డబ్బు కట్టిన మీరు నిలబడాలి.

జవాబు: నార్త్ మెల్బోర్న్ కోడలు

ఇంతసేపూ కారు ఉన్నవారి గురించీ, ట్రాము ఎక్కగలిగినవారి గురించీ చర్చ జరిగింది. రెండూ కుదరనివారి గురించి నాలుగు మాటలు రాస్తాను. మా అత్తగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మార్కెట్ అంటే ఆవిడకు ప్రాణం. రైతుబజారుకు వెళ్ళినట్టు బేరమాడుతూ తిరగడం ఈ దేశంలో ఆవిడకు దొరికిన కొద్దిపాటి సంతోషాల్లో ఒకటి. మా ఇంటి దగ్గర 57వ నంబరు ట్రాము ఉంది, నాలుగు స్టాపుల దూరం కూడా లేదు. కానీ మెట్లున్న ట్రాము, ఎత్తుగా కట్టని స్టాపు. రోడ్డు మీదికి దిగి అక్కడి నుంచి పైకి ఎక్కాలి. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, కుడికాలు పైన పెట్టి, శరీరమంతా ఒక్కసారి పైకి లాక్కోవాలి. వెనుక నుంచి నేను ఆనించి పట్టుకుంటాను. చేతిబండి మూడోవారెవరైనా అందించాలి. అందుకని కారులో తీసుకువెళ్తాను. అంటే, మార్కెట్ పార్కింగ్‌లో నేను ఆక్రమించే జాగా నిజానికి ట్రాము లేకపోవడం వల్ల పుట్టినది కాదు, ఎక్కలేని ట్రాము వల్ల పుట్టినది.

విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ 2020 అక్టోబరు నివేదిక ప్రకారం 2018-19లో ట్రాము సర్వీసుల్లో 15 శాతం మాత్రమే తక్కువ ఎత్తు ట్రాము, దానికి సమంగా ఎత్తు పెంచిన స్టాపు రెండూ కలిసి ఉన్నవి. స్టాపులన్నీ 2022 డిసెంబరు 31 నాటికి వికలాంగులకు అనువుగా మారాలని చట్టబద్ధమైన గడువు ఉండేది. అది దాటిపోయింది. 57, 59, 82 రూట్ల కోసం కొత్త తక్కువ ఎత్తు ట్రాములను తయారు చేయిస్తున్నారు, సంతోషమే. అయితే స్టాపు ఎత్తు పెంచకపోతే కొత్త ట్రాము వచ్చినా రోడ్డు మీది నుంచి ఒక పెద్ద అడుగు వేయక తప్పదు.

మరి స్టాపులు ఎందుకు కట్టడం లేదంటే, డబ్బు ఒక కారణం, దుకాణాల ముందు పార్కింగ్ రెండో కారణం. ఎత్తు పెంచిన వేదికకు ముప్పై మీటర్లకు పైగా పొడవు కావాలి, ఆ పొడవునా కార్లు నిలపడం కుదరదు. కోబర్గ్ వాసి గారి సిడ్నీ రోడ్డు మీదే ఈ తగవు ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఒక్కో వేదికకు పోయేది అయిదారు జాగాలు. ఆ అయిదారు జాగాల కోసం చేతికర్ర పట్టుకున్నవారు, పిల్లల బండి తోసుకువచ్చేవారు మొత్తంగా ఆ వీధికి రావడమే మానేస్తున్నారు. కొట్టు గారు అన్న మూడో చెయ్యి, సమతలంగా ఎక్కగలిగే ట్రాము వస్తే అక్కర్లేదు. పెట్టెను చక్రాల బండి మీద పెట్టి లోపలికి తోసెయ్యవచ్చు.

జవాబు: షెడ్డు కింద కొట్టు

కోడలు గారు చెప్పింది నిజమే. మెట్లు లేని ట్రాము వస్తే మా కొనుగోలుదారుల్లో చాలామంది కారు ఇంట్లో వదిలి రాగలరు. కానీ వరుస ముఖ్యమని గమనించండి: ముందు వేదికలు కట్టి, ట్రాములు తెచ్చి, ఆ తర్వాత పార్కింగ్ తగ్గించడం వేరు, పార్కింగ్ ఈ ఏడాది తీసేసి, ట్రాము ఎప్పటికో వస్తుందనడం వేరు. మధ్యలో గడిచే సంవత్సరాల్లో అద్దె కట్టేది మేమే. బర్క్ స్ట్రీట్ మాల్‌తో పోలిక కూడా మాకు సరిపడదు. అక్కడ పెద్ద సంస్థలు, ఇక్కడ ఒకే బల్ల మీద బతికే కుటుంబాలు.

రోజంతా నిలిపే ఉద్యోగుల కార్ల గురించి పట్టాల పక్కన గారు రాసినది మాత్రం మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాలని ఉంది. మార్కెట్ తెరిచి ఉండే మంగళ, గురు, శుక్ర, శని, ఆదివారాల్లో మన్రో పార్కింగ్‌లో ఎర్లీ బర్డ్ ధర ఉండకూడదనీ, మొదటి రెండు గంటలు చవకగా, ఆ తర్వాత నిటారుగా పెరిగేలా ధర పెట్టాలనీ అడిగితే 500 జాగాలే 720 కంటే ఎక్కువమందికి సరిపోవచ్చు. దానితో పాటు తెల్లవారుజామున సరుకు దించుకునే వ్యాన్లకు వేరే చోటు, వేరే వేళ స్పష్టంగా రాసి ఇవ్వమనండి. ఈ రెండూ చేర్చి, ట్రాము స్టాపుల ఎత్తు పెంచడం గురించి కోడలు గారి మాటను కూడా కలిపితే, ముసాయిదాను మా పక్క కొట్లవారికి చూపించి సంతకాలు అడుగుతాను. ఉచిత పరిధి పొడిగింపు అందులో ఉంటే ఎవరూ సంతకం చేయరు. ఇప్పటికే మా స్టాపులో ట్రాములు కిక్కిరిసిపోయి వస్తున్నాయి.

జవాబు: కోబర్గ్ వాసి

అలాగే చేస్తాను. జాగాల సంఖ్య గురించిన పేరా తీసేసి, గేటు ఉండే వీధి, గంటల ధర, నిండినట్టు చెప్పే బోర్డులు, స్టాపు ఎత్తు, వ్యాన్ల వేళలు, ఈ వరుసలో రాస్తున్నాను. హేమార్కెట్ దగ్గర సిగ్నల్ ప్రాధాన్యం గురించి రెండు వాక్యాలు ఎలా రాస్తే ఇంజినీర్లు తోసిపుచ్చలేరో పట్టాల పక్కన గారు సూచిస్తే మేలు. గురువారం సంఘం సమావేశం ఉంది. అప్పటికి ముసాయిదా ఇక్కడ పెడతాను.